విడాకుల తర్వాత పిల్లలు ఏ రోజు ఎవరి దగ్గర ఉంటారో ఉత్తర్వులోనే రాయండి: ఫ్యామిలీ కోర్టులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఫ్యామిలీ కోర్టు న్యాయమూర్తులకు, ఆ కోర్టుల్లో పనిచేసే కౌన్సెలర్లకు, రెండు పక్షాల న్యాయవాదులకు నమస్కారం.

మేము పిల్లల మానసిక ఆరోగ్యంలో, స్కూలు కౌన్సెలింగ్‌లో, కుటుంబ కేసుల్లో పనిచేసేవాళ్లం. విడాకుల ఉత్తర్వుల్లో ఎక్కువ పేజీలు పెద్దవాళ్ల గురించే ఉంటాయి. పిల్లల వంతు వచ్చేసరికి ఒక్క వాక్యం మిగులుతుంది: "తండ్రికి సముచితమైన విజిటేషన్ హక్కు (బిడ్డను కలిసే హక్కు) ఉంటుంది" అనో, "ప్రతి శనివారం కోర్టు ఆవరణలో రెండు గంటలు" అనో. ఒక ఆరేళ్ల పాప వచ్చే పన్నెండేళ్లు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని గడపాలి. దాన్ని ఒకటిన్నర పేజీకి పెంచమని అడగడానికే ఈ లేఖ.

విడాకులైతే పిల్లలు పాడైపోతారన్న మాట మన దగ్గర పెద్దమనుషుల పంచాయితీ నుంచి కోర్టు వరండా దాకా వినిపిస్తుంది. పరిశోధన అంత మాట అనదు. అమెరికాలో పాల్ అమాటో, బ్రూస్ కీత్ 1991లో 92 అధ్యయనాలను, 13 వేలకు పైగా పిల్లల వివరాలను కలిపి చూశారు. విడాకులైన ఇళ్ల పిల్లలు చదువులో, ప్రవర్తనలో, తమ మీద తమకుండే నమ్మకంలో కొంత వెనకబడి కనిపించారు గానీ, ఆ తేడా సగటున చిన్నదే. నిత్యం గొడవపడుతూ ఒకే ఇంట్లో ఉన్న తల్లిదండ్రుల పిల్లల పరిస్థితి అంతకంటే అధ్వానంగా ఉంది. మేవిస్ హెదరింగ్టన్ అనే మనస్తత్వవేత్త విడిపోయిన కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించి, వాళ్ల పిల్లల్లో 20 నుంచి 25 శాతం మందికి తీవ్రమైన సమస్యలు ఉన్నాయనీ, విడిపోని కుటుంబాల్లో అలాంటివాళ్లు 10 శాతం ఉన్నారనీ చెప్పారు. అంటే ముప్పు రెట్టింపు అవుతుంది, అది తేలిగ్గా తీసుకునేది కాదు. కానీ నలుగురిలో ముగ్గురు నిలదొక్కుకుంటున్నారు. మొదటి ఏడాది గడ్డుగా నడుస్తుంది, రెండో ఏడాది ముగిసేసరికి చాలామంది కుదుటపడతారు. మన చేతిలో ఉన్న పనల్లా ఆ రెండేళ్లను అంతకంటే పొడుగు చేయకపోవడం.

అవి అమెరికా లెక్కలు. మన దగ్గర విడిపోవడం మరోలా జరుగుతుంది. తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్తుంది. ఆ పుట్టిల్లు చాలాసార్లు వేరే ఊరు, ఒక్కోసారి వేరే రాష్ట్రం. ఒకే వారంలో పిల్లాడికి నాన్న, ఇల్లు, బడి, పక్కింటి స్నేహితులు, రోజూ అన్నం పెట్టిన నానమ్మ, అందరూ ఒక్కసారిగా దూరమవుతారు. నాన్న లేని లోటు అని మనం అనుకునేదాంట్లో సగం నిజానికి ఇన్ని మార్పులు ఒకేసారి మీద పడడం వల్ల వచ్చిందే. కాబట్టి మధ్యంతర ఉత్తర్వు దశలో మీరు మొదట అడగాల్సిన ప్రశ్న: వీటిలో వేటిని ఆపవచ్చు, వేటిని వెనక్కి జరపవచ్చు? విద్యాసంవత్సరం మధ్యలో బడి మార్పును ఏప్రిల్ దాకా ఆపగలిగితే ఆపండి. మారక తప్పకపోతే టీసీ కోసం పిల్లాడి అడ్మిషన్ ఆగకూడదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకూ ప్రభుత్వ, ఎయిడెడ్ బడిలో చేరేటప్పుడు టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. పాత బడి రికార్డులో తండ్రి సంతకం ఉందని, ఆయన వచ్చి సంతకం పెడితేనే టీసీ అని తల్లిని తిప్పుతారు. ఉత్తర్వులో ఒక్క వాక్యం చేరిస్తే ఆ తిరుగుడు తప్పుతుంది.

ఇక అసలు విషయం. "సముచితమైన విజిటేషన్" అని రాస్తే ఏం జరుగుతుందో చూడండి. ప్రతి శుక్రవారం రాత్రి ఇద్దరి మధ్య ఫోన్లో కొత్త బేరం మొదలవుతుంది. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరు తీసుకొస్తారు, మీ అమ్మ వస్తే నేను పంపను, ట్యూషన్ ఉంది, జ్వరం ఉంది. పిల్లాడు పక్క గదిలో వింటూనే ఉంటాడు. ఆ గొడవ తన గురించే అని వాడికి తెలుసు. నాలుగు వారాలు ఇలా గడిచాక "నేను వెళ్లను, నాకు వద్దు" అంటాడు. నాన్న మీద కోపంతో కాదు, గొడవ ఆగాలని. ఆ మాటను మెమోగా రాసి మీ ముందు పెడతారు. పైగా అస్పష్టమైన ఉత్తర్వును అమలు చేయమని ఫ్యామిలీ కోర్టుల చట్టం 18వ సెక్షన్ కింద వచ్చినా ఫలితం ఉండదు. ఏ రోజు, ఏ గంట అని లేనప్పుడు ఏది ఉల్లంఘన అని తేల్చడం ఎలా?

ఏడేళ్ల పాప, తల్లిదండ్రులిద్దరూ ఒకే నగరంలో ఉన్నారు, హింస ఆరోపణలు లేవు అనుకుందాం. ఉత్తర్వు ఇలా ఉండవచ్చు:

"పాప తల్లి దగ్గర ఉంటుంది. ప్రతి నెలా మొదటి, మూడో శనివారాల్లో స్కూలు వదలగానే తండ్రి స్కూలు గేటు దగ్గర పాపను తీసుకెళ్లి, సోమవారం ఉదయం బెల్లు కొట్టేలోపు స్కూల్లోనే దింపాలి. శనివారం స్కూలుకు సెలవైతే ఉదయం 10 గంటలకు, సోమవారం సెలవైతే ఆదివారం సాయంత్రం 6 గంటలకు తల్లి ఉంటున్న అపార్టుమెంటు సెక్యూరిటీ గది దగ్గర మార్పు జరగాలి. ప్రతి బుధవారం సాయంత్రం 5 నుంచి 7:30 వరకు పాప తండ్రితో ఉంటుంది, హోంవర్కు అక్కడే చేయించాలి. ఐదో శనివారం వచ్చిన నెలల్లో ఆ రోజు తల్లిది. 30 నిమిషాలకు మించి ఆలస్యమయ్యేట్టుంటే ముందే మెసేజ్ పెట్టాలి. గంట దాటితే ఆ పూట రద్దు, దానికి బదులు ఉండదు. పాపకు ఒంట్లో బాగాలేక ఆగిపోతే డాక్టరు చీటీ ఫోటో అదే రోజు పంపాలి, బదులు రోజు 14 రోజుల్లోపు ఇవ్వాలి. తండ్రి ఊళ్లో లేకపోతే నానమ్మ, తాతయ్య తీసుకెళ్లవచ్చు. వేరేవాళ్లెవరైనా అయితే తల్లి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి."

ఇందులో ప్రతి మాటకూ కారణం ఉంది. "రెండు వారాలకోసారి" అని రాస్తే దసరా సెలవులు దాటాక లెక్క ఎక్కడి నుంచి మొదలవుతుందో ఇద్దరికీ కుదరదు. "మొదటి, మూడో" అంటే గోడ మీది క్యాలెండరే తేలుస్తుంది, ఏడేళ్ల పాప కూడా చూసుకోగలదు. స్కూలు గేటు ఎందుకంటే, ఉదయం ఒకరు దింపి సాయంత్రం మరొకరు తీసుకెళ్తే తల్లీతండ్రీ ఎదురుపడరు. పాప ఒకరి చేతుల్లోంచి మరొకరి చేతుల్లోకి వెళ్లే ఆ రెండు నిమిషాలే పిల్లలకు అన్నిటికంటే బరువైనవి; మధ్యలో ఏడు గంటల బడి ఉంటే ఆ బరువు తగ్గుతుంది. ఆలస్యం నియమం లేకపోతే పిల్లలు గేటు దగ్గర బ్యాగు తగిలించుకుని గంటన్నర నిలబడతారు. తండ్రి రాకపోవడం కంటే ఎప్పుడొస్తాడో తెలియకుండా ఎదురుచూడడమే వాళ్లను ఎక్కువ నలుపుతుంది. ఇలాంటి ఎదురుచూపులు మూడు, నాలుగైతే పిల్లలు ఆశపెట్టుకోవడమే మానేస్తారు.

వయసును బట్టి ఇది మారాలి. మూడేళ్లలోపు పసివాళ్లకు కాలం తెలియదు. పదిహేను రోజులకోసారి పూర్తి రోజు ఇస్తే ప్రతిసారీ కొత్త మనిషిని చూసినట్టే ఏడుస్తారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి రెండు గంటలు, వాళ్లకు తెలిసిన మనిషి దగ్గరలో ఉండగా కలిస్తే గుర్తుపడతారు, చేయి చాస్తారు. రాత్రి బస ఆ తర్వాతి సంగతి. అప్పటిదాకా స్నానం చేయించడం, అన్నం తినిపించడం, నిద్రపుచ్చడం తండ్రికి చేతనవ్వాలి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 6వ సెక్షన్ ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరుండాలంటుంది. దాన్ని పట్టుకుని ఐదేళ్లు నిండేదాకా తండ్రిని దూరం పెట్టే వాదనలు వస్తుంటాయి. సెక్షన్ అలా చెప్పలేదు. ఐదేళ్లు నిండాక తెలియని మనిషి ఇంటికి బిడ్డను పంపితే ఆ భయానికి బిడ్డే మూల్యం చెల్లిస్తుంది.

మూడు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు తమ వల్లే ఇలా జరిగిందనుకుంటారు. అన్నం తినలేదని నాన్న కసిరిన మర్నాడు నాన్న వెళ్లిపోతే, ఆ రెండింటినీ ముడివేసుకుంటారు. పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, అమ్మ బాత్రూమ్‌కు వెళ్లినా తలుపు దగ్గర నిలబడతారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లలో దిగులు ఎక్కువ; అమ్మానాన్న మళ్లీ కలుస్తారని ఎదురుచూస్తూ, ఇద్దరినీ ఒకచోటికి తేవడానికి జబ్బు కూడా తెచ్చుకుంటారు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య కోపం, తప్పెవరిదో తేల్చాలన్న పట్టుదల. ఒకరి పక్షం పూర్తిగా తీసుకునేది ఈ వయసులోనే. టీనేజీ పిల్లలు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు, లేదా ఇంటి పెద్ద పాత్ర నెత్తికెత్తుకుంటారు. అమ్మ ఈఎంఐల లెక్క పదమూడేళ్ల పిల్ల చేతిలో కనిపిస్తే, బాధ్యత తెలిసిన పిల్ల అని మెచ్చుకోకుండా ఆరా తీయండి.

ఒక తప్పు అర్థం కేసుల్ని ఏళ్ల తరబడి నడిపిస్తోంది. తండ్రి దగ్గర నుంచి ఆదివారం రాత్రి వచ్చిన పిల్లాడు చిరాగ్గా ఉంటాడు, అన్నం వద్దంటాడు, చెల్లిని కొడతాడు, రాత్రి నిద్రలో లేస్తాడు. "అక్కడ ఏదో చేశారు" అని తల్లి పిటిషన్ వేస్తుంది. తల్లి దగ్గర నుంచి వచ్చేటప్పుడు ఏడిస్తే "అక్కడ నూరిపోశారు" అని తండ్రి కౌంటర్ వేస్తాడు. చాలాసార్లు రెండూ నిజం కావు. ఒక ఇంటి పద్ధతి నుంచి మరో ఇంటి పద్ధతికి మారడానికి పిల్లలకు ఒక రోజు, రెండు రోజులు పడుతుంది. ఒకరి దగ్గరికి వస్తే మరొకరిని వదిలినట్టే కదా. వచ్చిన పూట ప్రశ్నలు వేయకుండా స్నానం, అన్నం, పడక మామూలుగా సాగనిస్తే మంగళవారానికి సర్దుకుంటారు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి కుదురుకోకపోతే, బడిలో కూడా అదే కనిపిస్తే, బరువు తగ్గితే, చనిపోతానన్న మాట అంటే, ఒంటి మీద దెబ్బలుంటే అప్పుడది సర్దుబాటు కాదు. వాయిదా కోసం ఆగకుండా పిల్లల మానసిక వైద్యుడికి చూపించాలి. హింస అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. ఈ తేడాను కౌన్సెలర్లు మొదటి సిట్టింగులోనే ఇద్దరికీ చెబితే సగం పిటిషన్లు తగ్గుతాయన్నది మా నమ్మకం.

ఫోన్ సంగతి. సుప్రీంకోర్టు 2020 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో, ప్రత్యేక కారణాలు లేకపోతే బిడ్డ తన దగ్గర లేని తల్లికో తండ్రికో రోజూ 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడే హక్కు ఉండాలంది, వీడియో కాల్ మేలంది. ఉత్తర్వులో దీన్ని రాస్తున్నారు, కానీ గంట రాయడం లేదు. రాత్రి 8 అంటే చిన్నపిల్లలకు అన్నం వేళ. హోంవర్కు అయ్యాక, అన్నానికి ముందు, 7 నుంచి 7:10 అని రాయండి. స్పీకర్ పెట్టకూడదని, రికార్డు చేయకూడదని, ఆ పది నిమిషాలు పిల్లల్ని గదిలో ఒంటరిగా వదలాలని కూడా చేర్చండి. రికార్డింగుల్ని సాక్ష్యంగా తెచ్చే అలవాటు పెరిగాక పిల్లలు ఫోన్లో "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడడం మానేశారు. ఏ మాట కోర్టుకు వెళ్తుందో అని ఎనిమిదేళ్లకే తూచి మాట్లాడుతున్నారు. ఇక నాలుగేళ్ల బిడ్డ పది నిమిషాలు కబుర్లు చెప్పలేదు. "ఏం తిన్నావు, బడికెళ్లావా" అయ్యాక ఫోన్ వదిలేసి పోతే దాన్ని తల్లి కుట్ర అనుకోకూడదు. బొమ్మల పుస్తకం ఒకటి రెండిళ్లలోనూ ఉంచుకుని రోజుకో పేజీ చదవమని ఫోన్ చేసేవాళ్లకు కౌన్సెలర్ చెప్పాలి.

అమెరికాలో ఉన్న తల్లికో తండ్రికో కాల్ వేళ ఇచ్చేటప్పుడు భారత కాలమానంలోనే రాయండి. హైదరాబాదులో ఉదయం 7 అయితే డల్లాస్‌లో వేసవిలో ముందు రోజు రాత్రి 8:30, చలికాలంలో 7:30. మార్చిలో, నవంబరులో వాళ్ల గడియారం మారినప్పుడల్లా కాల్ తప్పిపోతుంది, దాని మీద మళ్లీ ఆరోపణ. ఒక దేశం నుంచి మరో దేశానికి అక్రమంగా తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపడం గురించిన 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు కాబట్టి, సెలవులకు వచ్చిన బిడ్డను తిరిగి పంపరేమో అని అక్కడివాళ్లకూ, తీసుకెళ్తే తీసుకురారేమో అని ఇక్కడివాళ్లకూ భయం ఉంటుంది. ఆ భయం ఉత్తర్వుతోనే తీరాలి: పాస్‌పోర్టు ఎవరి దగ్గర లేదా కోర్టులో ఉంటుందో, రానూపోనూ టిక్కెట్ల ప్రతి ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో, తిరిగివచ్చే తేదీ ఏదో. భయం తీరని తల్లి, తండ్రి దాన్ని పిల్లల ముందే మాట్లాడతారు. విమానం ఎక్కాలంటేనే ఆ పిల్లలు వణుకుతారు.

సెలవుల దగ్గర అన్ని ఉత్తర్వులూ తడబడతాయి. "సంక్రాంతి సెలవుల్లో సగం" అని రాస్తారు. తల్లి గుంటూరులో, తండ్రి హైదరాబాదులో. ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి సెలవులు ఎక్కువ, తెలంగాణలో బతుకమ్మ, దసరా సెలవులు ఎక్కువ. ఏ రాష్ట్రం లెక్కలో సగం? బిడ్డ చదివే బడి క్యాలెండర్ అని రాయండి. భోగి ఒకరికి, కనుమ ఒకరికి అని పంచవద్దు. ఆ మూడు రోజుల్లో బస్సు, రైలు దొరకవు, బిడ్డ పండగంతా హైవే మీదే గడిచిపోతుంది. సరి సంవత్సరాల్లో సంక్రాంతి తల్లి దగ్గర, దసరా తండ్రి దగ్గర. బేసి సంవత్సరాల్లో అటుదిటు. రంజాన్, క్రిస్మస్ చేసుకునే ఇళ్లకూ ఇదే వరస సరిపోతుంది.

దీనికి మరో చిక్కు తోడవుతోంది. బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి, సివిల్ కోర్టులకు మే నెలలో వేసవి సెలవులు. దసరాకు, సంక్రాంతికి కూడా బడులతో పాటే కోర్టులూ మూతపడతాయి. సెలవుల గురించి గొడవ వచ్చే వేళకు తీర్చే కోర్టు ఉండదు. వేసవి ఏర్పాటు పిటిషన్లు ఫిబ్రవరిలోనే వేయమని న్యాయవాదులు, మార్చి నెలాఖరులోపు తేల్చమని కోర్టులు ఒక పద్ధతి పెట్టుకోవాలి. ఏప్రిల్ 20న వేసిన పిటిషన్ జూన్‌లో విచారణకు వస్తుంది. అప్పటికి కొత్త తరగతి పాఠాలు మొదలైపోతాయి.

డబ్బుకూ చూడడానికీ ముడి వేయకండి. "ఫీజు కట్టలేదు కాబట్టి చూపించను", "చూపించలేదు కాబట్టి కట్టను" అన్న రెండు మాటలూ ప్రతి ఫైల్లో ఉంటాయి. ఈ రెండూ వేర్వేరనీ, ఒకటి ఆగినా రెండోది ఆగకూడదనీ ఉత్తర్వులో ఉండాలి. స్కూలు ఫీజు తల్లి ఖాతాకు కాకుండా నేరుగా స్కూలుకే, టర్మ్ తేదీకి పది రోజుల ముందు వెళ్లేట్టు చేస్తే, ఫీజు కట్టలేదని క్లాసులో నిలబెట్టే అవమానం పిల్లలకు తప్పుతుంది. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్‌కు 2001లో చేర్చిన నిబంధన, కేసు నడుస్తుండగా పిల్లల పోషణ, చదువు గురించి వేసే దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లోపు వీలైనంతవరకు తేల్చమంటుంది. ఆ 60 రోజుల్ని గట్టిగా పట్టుకోమని కోరుతున్నాం.

ఇప్పుడు మీ ఛాంబర్ గురించి. బిడ్డతో మాట్లాడడం మంచిదే. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ కూడా, ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని పరిగణించవచ్చు అంటుంది. కానీ ఉదయం 10:30కి వచ్చిన బిడ్డ మధ్యాహ్నం మూడింటిదాకా వరండాలో, రెండు పక్షాల బంధువుల మధ్య కూర్చుని, ఆకలితో లోపలికి వస్తే ఏం చెబుతుంది? పిల్లలున్న కేసును పొద్దున్నే మొదట పిలవండి. పరీక్షల రోజుల్లో రప్పించవద్దు. "అమ్మ కావాలా, నాన్న కావాలా?" అన్న ప్రశ్న అసలే వద్దు. దానికి ఏ జవాబిచ్చినా ఆ బిడ్డ జీవితాంతం ఒకరికి ద్రోహం చేశానన్న భారం మోస్తుంది. దానికి బదులు రోజు ఎలా గడుస్తుందో అడగండి. నిన్న రాత్రి ఎవరితో అన్నం తిన్నావు? లెక్కల్లో డౌటు వస్తే ఎవరు చెబుతారు? జ్వరం వస్తే రాత్రి ఎవరిని లేపుతావు? నాన్న ఇంటికి వెళ్లేటప్పుడు బ్యాగులో ఏం పెట్టుకుంటావు? అక్కడ నీకు నచ్చనిదేమిటి, ఇక్కడ నచ్చనిదేమిటి? ఈ జవాబుల్లో మీకు కావాల్సింది దొరుకుతుంది. లేచే ముందు ఒక్క మాట చెప్పి పంపండి: "నిర్ణయం నాది. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు."

బిడ్డ "వెళ్లను" అన్నప్పుడు వెంటనే నూరిపోశారని రాయకండి, వెంటనే నమ్మేయకండి కూడా. నేర్పిన మాటల్లో పెద్దవాళ్ల పదాలుంటాయి. ఎనిమిదేళ్ల బిడ్డ నోట "498ఏ", "మెయింటెనెన్స్", "క్యారెక్టర్ మంచిది కాదు" అన్న మాటలు వస్తాయి, అదే వాక్యం మళ్లీ మళ్లీ అదే వరసలో వస్తుంది, "ఎప్పుడు, ఎక్కడ, అప్పుడు నువ్వేం చేస్తున్నావు" అని అడిగితే వివరం ఉండదు. చూసిన భయంలో వివరం ఉంటుంది: తలుపు చప్పుడు, పగిలిన గ్లాసు, దాక్కున్న చోటు. అయితే చిన్న పిల్లలు నిజంగా జరిగినదాన్ని కూడా వరస తప్పి చెబుతారు, కాబట్టి ఒక్క సిట్టింగు చాలదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద మానసిక నిపుణుల సాయం తీసుకునే అధికారం మీకుంది. కనీసం మూడుసార్లు, ఒకసారి తల్లి తీసుకొచ్చినప్పుడు, ఒకసారి తండ్రి తీసుకొచ్చినప్పుడు, ఒకసారి బడి నుంచి నేరుగా వచ్చినప్పుడు చూసి నివేదిక ఇమ్మనండి. హింస ఉన్న చోట ముందు చూడాల్సింది భద్రత; అలాంటి ఇళ్లకు పైన రాసిన నమూనా పనికిరాదు, మూడో మనిషి సమక్షంలోనే కలవాలి.

ఆ మూడో మనిషి సమక్షం అంటే ఇప్పుడు కోర్టు ఆవరణే. "ప్రతి శనివారం" అని రాస్తే రెండో శనివారం కోర్టుకే సెలవు. మిగతా శనివారాల్లో పోలీసులు, నల్లకోట్లు, ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య బెంచీ మీద తండ్రి చిప్స్ ప్యాకెట్ చేతిలో పెడతాడు, బిడ్డ ఫోన్లో గేమ్ ఆడుతుంది, రెండు గంటలు అయిపోతాయి. దీన్ని బాగుచేయడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. తలుపున్న ఒక గది, కింద పరిచే చాప, రంగుపెన్సిళ్లు, క్యారమ్ బోర్డు, తాగునీరు, దగ్గర్లో బాత్రూమ్. కలవాల్సిన వ్యక్తి 15 నిమిషాల ముందే వచ్చి గదిలో ఉండాలి. తెచ్చినవారు బిడ్డను కౌన్సెలర్‌కు అప్పగించి ఆవరణ దాటి వెళ్లిపోవాలి. తిరుగు దారిలో ఇదే తలకిందులుగా. కిటికీలోంచి అమ్మమ్మ చూస్తుంటే బిడ్డ తండ్రితో నవ్వడానికి కూడా జంకుతుంది.

రాజీ పేరుతో జరిగే ఒక ఏర్పాటును మేము గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. ఇద్దరూ పట్టు వదలనప్పుడు "అయితే హాస్టల్లో వేద్దాం" అంటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు అది ఇద్దరినీ ఒకేసారి పోగొట్టుకోవడం. నా వల్లే గొడవ, అందుకే నన్ను పంపేశారు అన్నదే వాళ్లకు అర్థమవుతుంది. ఇంటర్ వయసులో రెసిడెన్షియల్ కాలేజీ మన దగ్గర మామూలే, అది వేరు. అక్కడ కూడా ఔటింగ్ ఆదివారాలు ఎవరివి ఏవో, గేట్ పాస్ మీద ఇద్దరి పేర్లూ ఉండాలో లేదో రాయండి. లేకపోతే ఒకే ఆదివారం ఇద్దరూ వచ్చి గేటు దగ్గర తలపడతారు, హాస్టలంతా చూస్తుంది, ఆ పిల్ల ఇక ఔటింగ్‌కే రాదు.

బడికి ఏం ఇవ్వాలన్నది కూడా తేలాలి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం విచారణ ఆంతరంగికం. కానీ ఎవరికి అప్పగించాలో తెలియక హెడ్మాస్టర్ అడిగితే తల్లి మొత్తం ఉత్తర్వు జిరాక్సు ఇచ్చేస్తుంది, అందులోని ఆరోపణలు స్టాఫ్ రూములో చర్చకొస్తాయి. రోజులు, వేళలు, తీసుకెళ్లేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ ఇవ్వాలన్న ఆదేశం, ఇంతే ఉన్న ఒక విడి కాగితం కోర్టు ముద్రతో ఇవ్వండి. దాన్నే ఫ్రిజ్ మీద అంటించుకోవచ్చు కూడా.

బిడ్డకు సంగతి చెప్పే పని ఎవరిదన్నది ఎక్కడా రాసి ఉండదు. "నాన్న ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లాడు" అని ఏడాది నడిపిస్తారు, చివరికి ఎవరి పెళ్లిలోనో మేనత్త కొడుకు చెప్పేస్తాడు. అప్పటి నుంచి ఆ బిడ్డ ఇద్దరినీ నమ్మదు. కౌన్సెలర్ గదిలో ఇద్దరూ కలిసి, ముందే అనుకున్న నాలుగు మాటలు చెప్పేట్టు చూడండి: "అమ్మా నాన్నా ఇక వేర్వేరు ఇళ్లల్లో ఉంటాం. ఇది పెద్దవాళ్లం తీసుకున్న నిర్ణయం, నువ్వు చేసిన ఏ పనివల్లా కాదు. నువ్వు ఇదే బడికి వెళ్తావు, ఈ రోజుల్లో అమ్మ దగ్గర, ఈ రోజుల్లో నాన్న దగ్గర ఉంటావు. ఎవరి దగ్గరున్నా రెండోవాళ్లతో మాట్లాడొచ్చు." మళ్లీ కలుస్తారా అని అడిగితే "లేదు" అనే చెప్పాలి. "చూద్దాం" అన్న ఒక్క మాట మీద పిల్లలు ఏళ్లు ఆశ పెట్టుకుంటారు. ఇళ్లల్లో పెద్దవాళ్లకు కూడా ఒక సిట్టింగు అవసరం. అల్లరి చేసిన మనవణ్ణి "అచ్చం మీ నాన్నవే" అని అమ్మమ్మ విసుక్కుంటే, వాడి దృష్టిలో అది తనలో సగాన్ని వద్దనడమే.

మళ్లీ పెళ్లి జరిగిన ఇళ్లలో కొత్త మనిషిని "అమ్మ" అని, "నాన్న" అని పిలవమని బలవంతం చేయవద్దని ఉత్తర్వులో పెట్టలేకపోవచ్చు, కౌన్సెలింగ్‌లో చెప్పవచ్చు. ఏమని పిలవాలో బిడ్డే వెతుక్కుంటుంది.

చివరిగా, ఏడేళ్లప్పుడు రాసిన ఏర్పాటు పన్నెండేళ్లకు సరిపోదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద డిక్రీ తర్వాత కూడా మార్చే అధికారం మీకుంది, కానీ ఎవరో ఒకరు పిటిషన్ వేస్తే తప్ప ఫైలు కదలదు, పిటిషన్ అంటే మళ్లీ ఆరోపణలు. ఉత్తర్వు ఇచ్చే రోజే మూడు నెలల తర్వాత ఒక తేదీ, ఆ తర్వాత ఏటా మార్చిలో ఒక తేదీ కౌన్సెలర్ ముందుకు రావడానికి రాసివ్వండి. ఆ రోజు పిటిషన్ అక్కర్లేదు, వకీలు అక్కర్లేదు, ఎవరు ఎన్నిసార్లు తప్పారన్న లెక్క కూడా అక్కర్లేదు. బిడ్డ నిద్ర, బడి హాజరు, వచ్చే వేసవి ఏర్పాటు, ఈ మూడే మాట్లాడి, మారాల్సిన రోజులు, వేళలు మార్చి, ఇద్దరి సంతకాలతో మీ ముందు పెడితే చాలు.

ఇట్లు,
పిల్లల మానసిక నిపుణులు, స్కూలు కౌన్సెలర్లు, కుటుంబ న్యాయవాదులు